తలుపులు ఎప్పుడు మూసుకున్నాం?

2019 సెప్టెంబరు మొదటి వారంలో మన పూర్వీకుల గురించి రెండు పరిశోధన పత్రాలు ఒకేసారి బయటికొచ్చాయి. 'సెల్' పత్రికలో వచ్చినది, హర్యానాలోని సింధు నాగరికత నగరం రాఖీగఢీలో సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కింద సమాధి చేసిన ఒక స్త్రీ గురించి. 'సైన్స్' పత్రికలో వచ్చినది మధ్య ఆసియా నుంచి పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ దాకా తవ్వకాల్లో దొరికిన 523 మంది ప్రాచీనుల గురించి. వసంత్ షిండే, వాగీశ్ నరసింహన్, నీరజ్ రాయ్, కుమారస్వామి తంగరాజ్, డేవిడ్ రైక్ పేర్లు రెండిటి మీదా ఉన్నాయి. ఒకదానికొకటి తోడుగా చదవాల్సిన పత్రాలు అవి.

అలా చదివినవాళ్లు తక్కువ. ఆ సాయంత్రానికే ఒక చానెల్లో 'ఆర్యుల వలస కట్టుకథ అని తేలిపోయింది', ఇంకో చోట 'ఆర్యుల వలస రుజువైంది'. మా ఫ్యామిలీ గ్రూపులో రెండు వార్తలూ గంట తేడాతో ఫార్వర్డ్ అయ్యాయి. రెండిటికీ దండం బొమ్మ పెట్టిన బాబాయి ఒక్కడే.

ఇప్పటికీ ఈ గొడవ ఆగలేదు. ఎప్పుడు ప్రాచీన డీఎన్ఏ మాట వచ్చినా మనకు కావాల్సింది ఒకటే: ఎవరు ముందొచ్చారు, ఎవరు తర్వాతొచ్చారు, ఈ నేల ఎవరిది. ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు వచ్చేసింది. అది టీవీలో అరుచుకునేంత రంజుగా లేదు కూడా. అదే పరిశోధనల్లో బయటపడ్డ ఇంకో సంగతి మాత్రం మన పెళ్లిచూపుల దాకా, ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చి కూర్చుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. నా బాధంతా అదే.

ముందు రాఖీగఢీ ఆవిడ సంగతి. డీఎన్ఏకి వేడి, తేమ రెండూ పడవు. సైబీరియా మంచులో నలభై వేల ఏళ్ల ఎముక నుంచి కూడా పూర్తి జన్యుక్రమం తీయగలిగారు గానీ, మన ఎండలకు నాలుగు వేల ఏళ్ల ఎముకల్లో కూడా మిగిలేది బూడిదే. రాఖీగఢీ శ్మశానం నుంచి 61 నమూనాలు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్కటి. అది లోచెవి చుట్టూ ఉండే గట్టి ఎముక. శరీరం మొత్తంలో డీఎన్ఏ ఎక్కువ కాలం నిలిచేది అక్కడే. దాన్నుంచి కూడా వందకు పైగా ప్రయత్నాలు చేసి, తునకలు తునకలుగా పోగుచేశారు. తవ్వినవాళ్ల చెమట, ల్యాబులో వాళ్ల తుంపర కలిసిపోలేదని ఎలా నమ్మాలి అంటారా? పాత డీఎన్ఏ తునకల కొసలు ఒక పద్ధతిలో చెడిపోతాయి. సి అనే డీఎన్ఏ అక్షరం ఉండాల్సిన చోట టి కనబడుతుంది. నిన్న మొన్నటి డీఎన్ఏకి ఆ మచ్చ ఉండదు. ఈ మెలకువలకు పునాది వేసిన స్వాంటె పాబోకి 2022లో నోబెల్ ఇచ్చారు.

ఆవిడ డీఎన్ఏలో కనిపించినవి రెండు పూర్వీకుల పాయలు. ఎక్కువ భాగం ఇరాన్ వైపు జనాలకు దూరపు చుట్టరికం ఉన్న పాయ. అయితే అక్కడ వ్యవసాయం మొదలవకముందే విడిపోయిన శాఖ అది. మిగతాది ఈ ఉపఖండంలో అంతకు ఎన్నో వేల ఏళ్ల ముందు నుంచీ వేటాడుకుంటూ బతికినవాళ్లది. వాళ్లకు అండమాన్ ఆదివాసులు దూరపు చుట్టాలు. తుర్క్‌మెనిస్తాన్‌లోని గోనుర్‌లో, ఇరాన్‌లోని షహర్-ఎ-సోఖ్తాలో స్థానికులతో పోలిక లేని 11 మంది ఎముకలు దొరికాయి. వాళ్లలోనూ ఇదే కలయిక. సింధు నగరాల నుంచి వ్యాపారానికో మరోదానికో వెళ్లినవాళ్లు అయ్యుండాలి.

ఆవిడలో లేనిది స్టెప్పీ పాయ. అంటే నల్లసముద్రానికి ఉత్తరాన గడ్డిమైదానాల్లో పశువులు మేపుకున్నవాళ్ల వారసత్వం. దీన్ని పట్టుకునే 'వలస లేదు' అన్నది కొందరి వాదన. పెళ్లికి ముందు తీసిన ఫొటోలో కోడలు లేదు కాబట్టి ఆ ఇంటికి కోడలే రాలేదన్నట్టుంది ఇది. ఆ పాయ ఇక్కడికి చేరింది ఆవిడ పోయిన ఎన్నో తరాల తర్వాత, సుమారు క్రీ.పూ. 2000 నుంచి 1500 మధ్య. స్వాత్ లోయలో క్రీ.పూ. 1200 తర్వాతి ఎముకల్లో అది కనిపిస్తుంది. ఇవాళ మనలో ఎక్కువమందిలో కనిపిస్తుంది. దండయాత్ర జరిగిందా, మందలు తోలుకుంటూ మెల్లగా వచ్చారా అన్నది డీఎన్ఏ చెప్పదు. ఏ భాష మాట్లాడారో అసలే చెప్పదు. భాష గురించి భాషాశాస్త్రం చెప్పేదాంతో కలిపి చూస్తే ఇండో-యూరోపియన్ భాషలు ఈ దారినే వచ్చి ఉంటాయన్నది బలమైన వాదనే, నేనూ నమ్ముతాను. అలాగని సింధు నాగరికతను తీసుకెళ్లి ద్రావిడుల పేరున రిజిస్ట్రేషన్ చేయడానికి మాత్రం ఆవిడ ఎముక సాక్ష్యం కాదు. మనవాళ్లు కొందరు ఆ పనీ చేసేశారు.

ఎముకలు ఎవరివో తెలిసినంత మాత్రాన కథ తెలియదు అనడానికి రూప్‌కుండ్ చాలు. ఉత్తరాఖండ్‌లో ఐదు వేల మీటర్ల ఎత్తున ఉన్న ఆ చెరువు చుట్టూ వందలమంది అస్థిపంజరాలు. అందరూ ఒకే వడగళ్ల వానలో పోయిన యాత్రికులని చాలాకాలం చెప్పుకున్నారు. హైదరాబాద్‌లోని మన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు మొదలుపెట్టిన పరిశోధన 2019లోనే వచ్చింది. చూసిన 38 మందిలో 23 మంది ఇక్కడివాళ్లే, సుమారు క్రీ.శ. 800 నాటివాళ్లు, అదీ ఒకేసారి పోయినవాళ్లు కాదు. 14 మంది గ్రీసు, క్రీటు వైపు జనాల పోలికతో ఉన్నవాళ్లు. వాళ్లు పోయింది దాదాపు క్రీ.శ. 1800లో! మధ్యధరా సముద్రం పక్కనుండే మనుషులకు ఆ కొండ మీద ఏం పనో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు.

సరే, మళ్లీ మన పాయల సంగతికొద్దాం. కలిశారు. ఎంతగా కలిశారు? దీనికి మొదటి గట్టి జవాబు సీసీఎంబీ ఉన్న హబ్సిగూడ నుంచే వచ్చింది. 2009లో సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కి చెందిన రైక్ బృందం కలిసి 25 సమూహాలను పరిశీలించారు. అందులో తెలుగువాళ్లే బోలెడు: మాల, మాదిగ, చెంచు, వైశ్య, కంసాలి, వెలమ, నాయుడు. అప్పట్లో రెండు పాయలుగానే లెక్కవేశారు, ఉత్తరాది పూర్వీకులు, దక్షిణాది పూర్వీకులు అని. ఉత్తరాది పాయ చాలా సమూహాల్లో 39 నుంచి 71 శాతం దాకా ఉంది. వాటిలో సున్నా ఎక్కడా లేదు, నూరూ ఎక్కడా లేదు. ఆ పేర్లు పెట్టడం మీద కూడా హైదరాబాద్‌లో పెద్ద చర్చే నడిచిందట. ఒక పాయను 'పశ్చిమ యూరేషియన్లు' అని పిలవడానికి మనవాళ్లు ఒప్పుకోలేదని, చివరికి ఈ మధ్యేమార్గం దొరికిందని రైక్ తర్వాత రాసుకున్నాడు. ల్యాబులో కూర్చున్నా టెన్షన్ తప్పలేదన్నమాట.

అసలు విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది. రెండు జనాలు కలిసినప్పుడు పుట్టిన పిల్లల్లో ఒక్కో పాయ డీఎన్ఏ పొడవాటి ముక్కలుగా ఉంటుంది. తరం మారేకొద్దీ ఆ ముక్కలు తెగి పొట్టివవుతాయి. ఇవాళ్టి మనుషుల్లో ఆ ముక్కల పొడవు కొలిస్తే కలయిక ఎన్ని తరాల కింద జరిగిందో లెక్కకట్టవచ్చు. 2013లో ప్రియా మూర్జానీ, తంగరాజ్ తదితరులు 73 సమూహాల్లో ఈ కొలత చేశారు. సుమారు 4,200 ఏళ్ల కింద నుంచి 1,900 ఏళ్ల కింద దాకా ఈ దేశంలో విపరీతంగా కలిశారు. ఊరికి దూరంగా అడవుల్లో ఉన్నారనుకునే సమూహాలు కూడా ఆ కలయికకు బయట లేవు. ఆ తర్వాత ఆగిపోయింది. మెల్లగా తగ్గడం కూడా కాదు, చాలా సమూహాల్లో దాదాపు పూర్తిగా ఆగిపోయింది.

1,900 ఏళ్ల కింద అంటే మనకు శాతవాహనుల కాలం. నాసిక్ గుహల్లో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఉంది. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి పోయాక, మనవడు పులుమావి పందొమ్మిదో పాలనా సంవత్సరంలో వేయించింది. బడి పుస్తకాల్లో ఆ శాసనం గురించి మనం చదువుకున్నది శక, యవన, పహ్లవులను ఓడించాడన్న ముక్క. అదే శాసనంలో ఇంకో పొగడ్త ఉంది: నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడట! ఒక రాజు చెబితే దేశమంతా పెళ్లిళ్లు ఆగిపోతాయని నేననడం లేదు. ఆ మాటకొస్తే, కొన్నేళ్లకే అదే వంశంలోని వాసిష్ఠీపుత్ర శాతకర్ణి శక క్షత్రపుల ఆడపడుచును చేసుకున్నాడు, ఆ సంగతి కాన్హేరి శాసనంలో ఉంది. రాజులకు ఒక రూలు, జనానికి ఒక రూలు. కానీ, కలవడాన్ని ఆపడం ఒక ఘనకార్యంగా రాతి మీద చెక్కించుకునే రోజులొచ్చాయన్నది మాత్రం నిజం. మన రక్తంలో కలయిక ఆగిందని లెక్క చూపించే కాలం కూడా ఇంచుమించు అదే. ఆ గుహలో ఉన్న వాక్యం, ఆ పత్రంలో ఉన్న అంకె పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

కులాలు ఇంత గట్టిపడింది ఇంగ్లీషువాళ్లు జనాభా లెక్కలు రాశాకే అని ఒక వాదం చదువుకున్నవాళ్లలో బాగా నడుస్తుంది. కాగితం మీద ఎక్కించి, పై కింద నిర్ణయించి, ఒక కులాన్ని ఇంకో కులం మీద ఎగదోయడంలో వాళ్ల వాటా ఉంది, కాదనను. కానీ పెళ్లి దగ్గర గీసుకున్న గీత మన సొంతం. దానికి సాక్ష్యం కోసం మన పక్కింటివాళ్లను చూస్తే చాలు.

తెలుగునాట వైశ్యుల సంగతే తీసుకోండి. ఏ ఊళ్లోనూ విడిగా కోట కట్టుకుని బతికినవాళ్లు కాదు. నడి బజార్లో కొట్టు పెట్టుకుని, ఊరందరితో రోజూ లావాదేవీలు నడిపినవాళ్లు. అలాంటివాళ్లలో రెండు మూడు వేల ఏళ్ల కింద కొద్దిమంది నుంచే సమూహం మొత్తం పెరిగిన గుర్తు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. తరానికి నూటికి ఒక్కరు బయటినుంచి వచ్చి కలిసినా ఆ గుర్తు చెరిగిపోయేదని రైక్ లెక్క. నూటికి ఒక్కరు! అన్ని వందల ఏళ్లలో, అన్ని ఊళ్లలో, ఆ ఒక్కరు కూడా రాలేదు. వైశ్యుల్ని వేలెత్తి చూపడానికి ఈ మాట అనడం లేదు. 2017లో వచ్చిన ఇంకో పత్రంలో 263 సమూహాలు చూస్తే 81 సమూహాల్లో ఈ గుర్తు ఫిన్లాండువాళ్ల కంటే, అష్కెనాజీ యూదుల కంటే గట్టిగా ఉంది. ఆ రెండు జనాలూ కొద్దిమంది నుంచే పెరగడం వల్ల వచ్చే వారసత్వ జబ్బులకు ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణలు. ఆ 81లో 14 సమూహాలు ఒక్కోటి పది లక్షలకు పైగా జనం ఉన్నవి.

దీనివల్ల ఏమవుతుంది? మా స్నేహితుడొకడు హెర్నియా ఆపరేషన్‌కి చేరితే ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి బీపీ, షుగరు, ఎలర్జీలు అడిగి, చివర్లో 'మీరు వైశ్యులా అండీ?' అంది. వీడు చిన్నబుచ్చుకున్నాడు. ఇదేం హాస్పిటల్ రా, కులం అడుగుతున్నారు అని నాకు ఫోన్ చేశాడు. ఆవిడ అడగాల్సిందే అడిగింది. ఊపిరి గొట్టం వేసేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తుంటారు, మత్తు డాక్టర్లు స్కోలిన్ అంటారు. మామూలుగా రక్తంలోని ఒక ఎంజైమ్ దాన్ని కొన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ లేనివాళ్లకు మందు గంటల తరబడి దిగదు, అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు. వెంటిలేటర్ మీద ఉంచి కనిపెట్టుకుని ఉంటే లేచి కూర్చుంటారు. ఎవరూ ఊహించకపోతేనే ప్రమాదం. ఆ లోపం మిగతావాళ్లతో పోలిస్తే వైశ్యుల్లో సుమారు వంద రెట్లు ఎక్కువ. శాతవాహనుల నాటి గీత ఇవాళ ఒక మత్తు డాక్టరు ప్రశ్నగా మంచం పక్కకొచ్చి నిలబడింది.

ఇది చెప్పినప్పుడల్లా వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చేసింది: 'మాకు మేనరికాలు లేవండీ, గోత్రాలు చూసే చేసుకుంటాం.' మేనరికం, అక్క కూతుర్ని చేసుకోవడం దక్షిణాదిలో ఉన్న సమస్యే, కాదనడం లేదు. కానీ ఇది వేరే. ఒక కులంలోని లక్షలమందికీ మూలపురుషులు, మూలస్త్రీలు కొద్దిమందే అయినప్పుడు, శ్రీకాకుళం అబ్బాయి, నెల్లూరు అమ్మాయి, ఏ వరసా తెలియని ఇద్దరు పెళ్లి చేసుకున్నా ఎంతోకొంత దూరపు బంధువులే. ఒకే చెడ్డ జన్యువు ఇద్దరి దగ్గరా ఒక్కో కాపీ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇద్దరికీ ఉంటే పుట్టబోయే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఇక గోత్రం అంటారా, అది తండ్రి వైపు గీత ఒక్కటే చూస్తుంది. మేనమామ కొడుకు గోత్రం వేరేగా ఉంటుంది కాబట్టే మేనరికం శాస్త్రబద్ధంగా పాసైపోతోంది!

ఈమధ్య ఇంకోటి మొదలైంది. జాతకాల పొంతనలో నాడీ కూటమి చూడటం మన ఋషులు కనిపెట్టిన జెనెటిక్స్ అట. నాడి జన్మనక్షత్రాన్ని బట్టి వస్తుంది. ఇరవై ఏడు నక్షత్రాలను ఆది, మధ్య, అంత్య అని మూడు నాడులుగా పంచారు. అశ్విని ఆదినాడి, భరణి మధ్యనాడి. ఒకే తల్లికి అశ్వినిలో పుట్టిన అన్నకు, భరణిలో పుట్టిన చెల్లికి నాడులు వేరు. జన్యువులు కలవని ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లకు నాడి ఒకటే అయితే మాత్రం సంబంధం తప్పిపోతుంది. దీన్ని నమ్మేవాళ్లు నమ్మొచ్చు, నాకు పేచీ లేదు. జెనెటిక్స్ అని మాత్రం అనకండి.

ఇలాంటి చిక్కునే న్యూయార్క్‌లోని సనాతన యూదులు చాలా తెలివిగా విప్పుకున్నారు. టే-శాక్స్ అనే జబ్బుతో నలుగురు బిడ్డల్ని పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టీన్ అనే మతగురువు 1983లో 'దోర్ యెషోరిమ్' అనే సంస్థ పెట్టాడు. వాళ్లవీ మనలాగే పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లు, బయట చేసుకోరు. చదువుకునే వయసులోనే పిల్లలకు రక్తపరీక్ష చేసి ఒక నంబరు ఇస్తారు. ఫలితం ఏమిటో వాళ్లకు కూడా చెప్పరు. సంబంధం అనుకున్నప్పుడు రెండు నంబర్లూ సంస్థకు చెబితే, ఆ ఇద్దరికీ పొసుగుతుందో లేదో చెబుతారు, అంతే. ఎవరి ఇంట్లో ఏముందో ఊరికి తెలియదు, ఎవరి పిల్లకూ పేరు పడదు. ఆ సమాజంలో టే-శాక్స్‌తో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మన దగ్గరా ఇలా చేయొచ్చని 2017 పత్రం రాసినవాళ్లే సూచించారు. కుల సంఘాలకు కల్యాణ మండపాలు కట్టడానికి, వన భోజనాలకు, పరిచయ వేదికలకు డబ్బుంది, మనుషులున్నారు. ఈ ఒక్క పనికి మాత్రం ఎవరూ కదలరు.

ఎందుకు కదలరో కూడా తెలుసు. ఫలానా కులానికి ఫలానా జబ్బు అని చిట్టా రాస్తే మర్నాడే అది తిట్టుగా మారుతుంది. రహస్యంగా ఉంచాల్సిన కాగితం మధ్యవర్తి చేతిలో తేలుతుంది. ఆడపిల్ల వైపు మాత్రమే పరీక్ష అడుగుతారు. ఇవన్నీ న్యాయమైన భయాలే. అందుకే ఫలితం ఎవరికీ చెప్పని ఆ నంబరు పద్ధతి నాకు నచ్చింది. ఇంకో అభ్యంతరం నా సొంతది. ఈ పరీక్షలు గోడను అలాగే ఉంచి, దాని నీడలో కాస్త క్షేమంగా బతికే ఏర్పాటు చేస్తాయి. వేరే సమూహంలో చేసుకుంటే ఇద్దరి దగ్గరా ఒకే లోపం ఉండే అవకాశం బాగా తగ్గిపోతుంది, అందుకు ఒక్క తరం చాలు. కానీ జబ్బుల భయంతో ఎవరూ కులాంతర వివాహం చేసుకోరు, చేసుకోమని జన్యుశాస్త్రంతో బెదిరించడం కూడా నాకు ఇష్టం లేదు. ఇష్టపడి చేసుకున్నవాళ్లను నరికి చంపుతున్న చోట, ముందు ఆ నరకడం ఆగితే చాలు, మిగతాది పిల్లలు చూసుకుంటారు.

ఈలోగా ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మత్తు డాక్టరు కులం అడిగితే నొచ్చుకోకుండా చెప్పండి. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా మత్తు తర్వాత ఊపిరి తిరిగి రావడం ఆలస్యమైందని విని ఉంటే, వాళ్లు అడక్కపోయినా అదీ చెప్పండి. ఆ ఎంజైమ్ కొలవడానికి మామూలు రక్తపరీక్షే ఉంది.